హార్నెస్, చిక్కం, గొడుగు: తోటి కుక్కను చూస్తే భయంతో మీదికి దూకే చిన్న కుక్కకు ఏవి పనికొస్తాయి

అపార్ట్‌మెంట్ గేటు దాటగానే ఎదురుగా ఇంకో కుక్క కనబడితే చాలు, ఐదు కిలోల స్పిట్జ్ గొంతు చించుకుని మొరుగుతుంది, పట్టీ తెగేలా ముందుకు దూకుతుంది. చూసేవాళ్లకు అది పొగరులా అనిపిస్తుంది. చాలాసార్లు అది వట్టి భయం. కుక్క వేసుకునే లెక్క ఇది: నేను మొరిగాను, అది వెళ్లిపోయింది. నిజానికి ఆ కుక్క తన దారిన తాను పోయి ఉంటుంది, లేదా దాని యజమాని జంకి పక్కకు లాక్కెళ్లి ఉంటాడు. ఏదైతేనేం, మధ్యలో దూరం పెరిగింది. రేపు ఇంకాస్త ముందుగానే మొదలుపెడుతుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను ఇక్కడ నమ్ముకోవద్దు. కోరిన దూరం దొరకకపోతే ఇదే కుక్క కరుస్తుంది.

అందుకే పెట్ షాపులో ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది మా కుక్కకు దూరం ఇస్తుందా, ఉన్న దూరాన్ని లాగేసుకుంటుందా? ఇక్కడ ప్రతి వస్తువునూ ఆ కొలతతోనే చూశాం. వీటిలో ఏదీ భయాన్ని పోగొట్టదు. భయం తగ్గేది ఓపికగా చేసే అలవాటుతో. ఆ అలవాటు చేసే రోజుల్లో కుక్క జారిపోకుండా, ఎవర్నీ కరవకుండా, దాని మెడకు దెబ్బ తగలకుండా కాపాడటమే సామాను పని.

ముందు హార్నెస్, అంటే మెడకు కాకుండా ఛాతీకీ వీపుకూ చుట్టి కట్టే పట్టీల కూర్పు. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి కొనాల్సింది ఇదే. స్పిట్జ్, పొమేరియన్, యార్కీ, చివావా లాంటి జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి చదునుగా మూసుకుపోయే జబ్బు తరచుగా వస్తుంది. బాతు అరిచినట్టు దగ్గు వినిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. ఇలాంటి కుక్క మెడ బెల్టు మీద రోజుకు పదిసార్లు దూకితే గొంతు మీద పడే ఒత్తిడి సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఎదుటి కుక్క కనబడిన ప్రతిసారీ గొంతు నొక్కుకుంటే, ఆ నొప్పికీ ఆ కుక్కకీ ముడిపడిపోతుంది. మెడ బెల్టును ఫోన్ నంబరు బిళ్ల తగిలించడానికి మాత్రం ఉంచండి.

హార్నెస్‌లో ఛాతీకి అడ్డంగా ఒకే పట్టీ ఉండే రకం షాపుల్లో ఎక్కువగా వేలాడుతుంటుంది. అది వద్దు. భుజాల కదలికకు అడ్డం వస్తుంది, కుక్క వెనక్కి లాగితే సులువుగా ఊడొస్తుంది. ముందు నుంచి చూస్తే ఇంగ్లిష్ వై అక్షరంలా ఉండి, రొమ్ము ఎముక మీదుగా పట్టీ ముందుకాళ్ల మధ్యలోంచి పోయే రకం తీసుకోండి. కనీసం నాలుగు చోట్ల బిగించుకునే వీలుండాలి. కొలత తీసేది ముందుకాళ్ల వెనక, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట. స్పిట్జ్‌కు బొచ్చు దట్టం కాబట్టి టేపును బొచ్చులోకి నొక్కి పట్టి కొలవాలి. పైపైన కొలిస్తే ఒక సైజు పెద్దది ఇంటికొస్తుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, రెండు మూడు కిలోల చివావాకైతే ఒక వేలు చాలు. చంకకీ పట్టీకీ మధ్య కూడా రెండు వేళ్ల ఎడం ఉండాలి, లేకపోతే నాలుగు రోజుల్లో చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది.

భయపడిన కుక్క ముందుకు లాగి తప్పించుకోదు. తల వంచి, వెనక్కి నడుస్తూ జారుతుంది. ఆ కోణంలో హార్నెస్ మొత్తం తల మీదుగా చొక్కా విప్పినట్టు ఊడొచ్చేస్తుంది. కొన్న రోజే ఇంట్లో పరీక్షించండి: మీరు కుక్క ఎదురుగా నిలబడి చేతిలోని పట్టీని మెల్లగా మీ వైపు లాగండి, ఇంకొకరు వెనక నుంచి తినేది చూపించి పిలవాలి. హార్నెస్ పట్టీ భుజాలు దాటి ముందుకొస్తోందంటే అది బయటికి పనికిరాదు. డాక్స్‌హండ్‌లా ఛాతీ లోతుగా, నడుము సన్నగా ఉన్నవాటికి పొట్ట దగ్గర మూడో పట్టీ ఉండే రకం వస్తుంది. కాస్త వెతకాలి, దొరికితే ఖరీదు చూడకుండా కొనదగ్గది. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకోటుంది: గ్రూమింగ్ చేయించాక హార్నెస్ మళ్లీ బిగించకపోవడం. బొచ్చు తగ్గితే పట్టీ వదులవుతుంది. కుక్క జారిపోయేది సరిగ్గా ఆ వారంలోనే.

చేతి పట్టీ తగిలించే రింగు ముందు వైపు, ఛాతీ మీద ఉన్న హార్నెస్‌కు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. పాతిక కిలోల లాబ్రడార్ లాగుడు తగ్గించడానికి అది మేలు. చిన్న కుక్కకు మాత్రం పట్టీ కాళ్లకు చుట్టుకుంటుంది, దూకినప్పుడు ఒళ్లు పక్కకు తిరిగి పడుతుంది. వీపు మీది రింగు చాలు. ఆ రింగు నుంచి మెడ బెల్టుకు కలిపే జానెడు పొడవు జంట కొక్కెం ఒకటి తీసుకోండి. హార్నెస్ ఊడినా పట్టు పోకుండా కాచేది అదే.

చేతిలో పట్టుకునే పట్టీ (లీష్) విషయానికొస్తే, మామూలుగా దొరికే 4 అడుగులది పొట్టి. అది ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఆ బిగువే కుక్కకు ప్రమాద సూచన అయిపోతుంది, తప్పుకోవడానికి చోటూ ఉండదు. రెండున్నర నుంచి మూడు మీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న నైలాన్ పట్టీ సరిపోతుంది. కొక్కెం తేలిగ్గా ఉందో లేదో చేత్తో తూచి చూడండి. పెద్ద కుక్కల కోసం చేసిన ఇత్తడి కొక్కెం చివావా వీపు మీద రాయిలా కొట్టుకుంటుంది. మిగిలిన పొడవును చేతికి చుట్టుకోకుండా, చీర కుచ్చిళ్లలా మడతలు పెట్టి పట్టుకోండి. వదలాల్సినప్పుడు మడత మడతగా వదులుతుంది.

బటన్ నొక్కితే లోపలికి చుట్టుకునే పట్టీ ఈ కుక్కకు అస్సలు పనికిరాదు. స్ప్రింగు వల్ల ఎప్పుడూ లాగుడే. ఐదు మీటర్ల దూరంలో ఉన్న కుక్కను తిరిగి దగ్గరకు తెచ్చుకునే దారే లేదు. ఇక చేతిలోంచి ఆ ప్లాస్టిక్ డబ్బా జారిపడితే, టకటకమంటూ రోడ్డు మీద కుక్క వెంటే తరుముకొస్తుంది. అసలే భయస్తురాలైన కుక్క దాన్నుంచి పారిపోతూ ట్రాఫిక్‌లో పడుతుంది.

ఇప్పుడు అసలు మందు: చికెన్. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించిన బ్రెస్ట్ ముక్క. ప్యాకెట్ బిస్కెట్లు రోడ్డు మీది భయాన్ని గెలిచేంత రుచి కావు. ఐదు కిలోల కుక్కకు రోజుకు 20 నుంచి 25 గ్రాములు మించొద్దు. దాని రోజు తిండిలో పదో వంతు సుమారుగా అంతే. ఒక్కో ముక్క అర గ్రాము ఉండేలా, సగ్గుబియ్యం కన్నా కాస్త పెద్దగా కోస్తే నలభై యాభై ముక్కలొస్తాయి. పది పదిహేను నిమిషాల సాధనకు ఇవి చాలు. చికెన్ వండని ఇళ్లలో ఉప్పులేని పనీర్ బాగా పనిచేస్తుంది, అయితే కొన్ని కుక్కలకు విరేచనాలవుతాయి కాబట్టి మొదట కొద్దిగా పెట్టి చూడండి. కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం ఎంత చిన్న ముక్కయినా వద్దు.

నడుముకు కట్టే ట్రీట్ సంచుల్లో అయస్కాంతంతో మూసుకునేవి మేలు. జిప్పు తెరిచేలోగా సమయం దాటిపోతుంది. ప్లాస్టిక్ కవరు గలగల ఇంకా పెద్ద సమస్య. ఎందుకంటే ఇక్కడ అంతా వరుసలోనే ఉంది. ముందు ఎదుటి కుక్క కనబడాలి, ఒక క్షణం ఆగి చికెన్ రావాలి. యజమాని దూరం నుంచి కుక్కను చూసి ముందే సంచిలో చెయ్యి పెడితే క్రమం తిరగబడుతుంది. అప్పుడు చికెనే ‘ఏదో వస్తోంది, జాగ్రత్త’ అనే గంట అవుతుంది. నెల రోజులు సాధన చేసినా ఫలితం లేదనేవాళ్లలో చాలామంది దగ్గర కనిపించే తప్పు ఇదే.

సాధన ఇలా. మీ కుక్క అవతలి కుక్కను చూసి కూడా తినగలిగే దూరం ఎంతో మొదట కనిపెట్టాలి. అది 25 మీటర్లు కావచ్చు, 40 కావచ్చు. నోరు బిగించి బిగుసుకుపోవడం, కంటి తెల్లగుడ్డు బయటపడటం, పెదవులు నాక్కోవడం, ముక్కను వేళ్లతో సహా లాక్కోవడం, ఇవన్నీ దూరం చాలలేదనే చెబుతున్నాయి. మొరుగుడు చివరి మెట్టు, అక్కడిదాకా రానివ్వకూడదు. సరైన దూరంలో నిలబడ్డాక, అవతలి కుక్క కనబడుతున్నంతసేపూ ముక్క వెంట ముక్క పెడుతూనే ఉండండి. అది కనుమరుగవగానే ఆపేయండి. ఒక సాధనలో ఐదారు సార్లు, వారానికి మూడు రోజులు. కూర్చోమని, ఉండమని ఆజ్ఞలేమీ వద్దు. కొన్నాళ్లకు మీ కుక్క అవతలిదాన్ని చూసి, తనంతట తానే ‘ఏదీ నా ముక్క’ అన్నట్టు మీ మొహంలోకి చూస్తుంది. ఐదుసార్లలో నాలుగుసార్లు అలా తిరిగితే రెండు మూడు మీటర్లు దగ్గరకు జరగొచ్చు. ఒక్కసారి మొరిగినా మళ్లీ పాత దూరానికి వెళ్లిపోవాలి. వీధికి వంద కుక్కలున్నచోట ఇది నెలల పని. ఎవరైనా వారంలో నయమంటే నమ్మొద్దు.

మొరగడం మొదలయ్యాక తినిపిస్తే మొరగడాన్నే మెచ్చుకున్నట్టు అవుతుందని కొందరు ఆపేస్తారు. తిండి పెడితే భయం పెరగదు. కాకపోతే ఆ స్థితిలో కుక్క తినలేదు, నేర్చుకోలేదు. అప్పుడు చేయాల్సిందల్లా వెనక్కి తిరిగి వెళ్లిపోవడం. ‘పద పద’ అనగానే గిరుక్కున తిరిగి మీతో పరుగెత్తడం ఇంట్లో, కారిడార్‌లో, సెల్లార్‌లో ఆటలా నేర్పి ఉంచండి. రోడ్డు మీద మొదటిసారి వాడితే పనిచేయదు. పెద్ద గొడవ జరిగితే రెండు మూడు రోజులు బయటి సాధన మానెయ్యండి. ఆ ఉద్రేకం గంటలో దిగదు. దాని మీదే ఇంకో కుక్క, ఇంకో హారన్ చేరితే రేపు చిన్నదానికే పేలుతుంది. ఆ సెలవు రోజుల్లో కోడిగుడ్ల అట్టలో దాని పొడి తిండి గింజలు దాచి వెతికించండి, ముక్కుతో చేసే పని కుక్కను నెమ్మదింపజేస్తుంది.

మన ఊళ్లలో అంత ఎడం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. గ్రౌండ్ ప్రహరీ బయట, కారు డిక్కీ తలుపు ఎత్తి లోపల కుక్కను కూర్చోబెట్టడం మంచి ఉపాయం. ఆగి ఉన్న కార్లు, ఆటోలు చూపుకు అడ్డుగోడలుగా పనికొస్తాయి. వీధికుక్కలకు స్థానబలం ఎక్కువ. చెత్తకుండీ, చికెన్ షాపు, రోజూ ఎవరో అన్నం పెట్టే మూల, ఇలా ఒక్కో గుంపుకు ఒక్కో హద్దు. ఒక కాగితం మీద మీ వీధి గీసి ఏ గుంపు ఎక్కడుంటుందో గుర్తు పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది. తెల్లవారుజామున, రాత్రి అవి తిరిగే వేళ. చలికాలంలో పదింటి ఎండకు పడుకుని ఉంటాయి కాబట్టి మీకు అప్పుడు దారి దొరుకుతుంది. మేలో ఆ వేళ వద్దు: అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. ఇక కార్తీకం. ఒక్క ఆడకుక్క వెనక పది మగకుక్కలు గుంపులుగా తిరిగే ఆ నెలలో కొత్త దూరాలు ప్రయత్నించకండి. దీపావళి టపాసుల వారం కూడా అంతే.

కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్కు లాంటివి కలుపుగోలు కుక్కలకు వరం. ఈ కుక్కకు మాత్రం లోపల చోటు కాదు. పట్టీలు విప్పిన పెద్ద కుక్కలు పలకరింపుగానే పరుగెత్తుకొచ్చినా దీనికి అది దాడే. అలవాటవుతుందిలే అని మధ్యలో వదిలేయడం, ఈత రానివాణ్ణి బావిలోకి తోసినట్టు ఉంటుంది. లోపలికి కాకుండా, దూరంగా రోడ్డవతల నిలబడి సాధన చేయడానికైతే ఇలాంటి పార్కు మంచి చోటు.

ఇంట్లోకి కొనాల్సింది ఒక్కటే, అదీ చవకది: బాల్కనీ గ్రిల్‌కు గ్రీన్ షేడ్ నెట్. రోజంతా బాల్కనీలోంచి వీధికుక్కల మీద మొరిగే కుక్క సాయంత్రం పావుగంట సాధనలో నేర్చుకున్నదంతా మర్నాడు మధ్యాహ్నానికి చెరిపేసుకుంటుంది. 50 శాతం నీడనిచ్చే నెట్‌లోంచి అన్నీ కనిపిస్తాయి, 90 శాతం అడగండి. నేల నుంచి రెండున్నర అడుగులు కడితే చిన్న కుక్కకు చాలు. కుర్చీలూ కుండీలూ గ్రిల్ దగ్గర నుంచి జరపండి, లేకపోతే వాటిమీదెక్కి చూస్తుంది. గాజు తలుపులకైతే మసక స్టిక్కరు. ఈ జాబితాలో పెట్టిన డబ్బుకు అత్యధిక ఫలితం ఇచ్చేది ఇదేనని మా గట్టి నమ్మకం.

చిక్కం, అంటే మజిల్, పేరు వినగానే ముఖం చిట్లించేవాళ్లున్నారు. సరిగ్గా అలవాటు చేసిన చిక్కం కుక్కకు శిక్ష కాదు. లిఫ్టులో, ఆసుపత్రి వరండాలో, దూరం మన చేతిలో లేని చోట అందరికీ రక్షణ. కానీ షాపుల్లో ఎక్కువగా దొరికేది మూతిని బిగించి మూసేసే బట్ట గొట్టం. కుక్క ఒంటివేడి తగ్గేది నోరు తెరిచి వగర్చడంతోనే. ఆ గొట్టం తొడిగి ఏప్రిల్ ఎండలో నడిపిస్తే వడదెబ్బ తగులుతుంది. డాక్టరు సూది వేసే నిమిషం తప్ప అది వాడొద్దు. కావాల్సింది బుట్ట రకం: లోపల నోరు పూర్తిగా తెరవగలగాలి, నీళ్లు తాగగలగాలి, సందుల్లోంచి చికెన్ ముక్క పెట్టగలగాలి, ముక్కు ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి మూతి కుక్కలకు మామూలు బుట్ట నిలవదు, వాటి కోసమే వలగుడ్డతో చేసే చిక్కం వేరే ఉంటుంది. తొడగడం రెండు మూడు వారాలు నేర్పాలి. బుట్ట అడుగున పెరుగు రాసి నాకనివ్వండి, తనంతట మూతి పెట్టేదాకా పట్టీ ముట్టుకోకండి, తర్వాత రెండు సెకన్లు, ఐదు, పది అంటూ పెంచండి. మొదటిరోజే తొడిగి బయటికి తీసుకెళ్తే కాళ్లతో పీక్కుంటుంది, ఇక దాన్ని చూస్తేనే మంచం కిందికి దూరుతుంది.

కుక్కను ఛాతీకి కట్టుకునే సంచికి సగం మార్కులే. లిఫ్టు నుంచి గేటు దాకా దాటించడానికి చక్కగా ఉంటుంది. అడుగున గట్టి అట్ట ఉండాలి, లోపలి కొక్కెం హార్నెస్‌కే తగిలించాలి, మెడకు కాదు. అయితే సంచిలో ఉన్న కుక్క వెనక్కి తగ్గలేదు. అప్పటికే రెచ్చిపోయి ఉంటే దగ్గర్లో ఉన్న చెయ్యి మీదే కాటు పడుతుంది. ఎత్తుకోవడం కూడా ఇంతే. ‘ఎత్తు’ అనే మాట చెప్పి, ఛాతీ కింద చెయ్యి పెట్టి, ముక్క ఇవ్వడం ఇంట్లో ప్రశాంతంగా నేర్పాలి. హార్నెస్ పిడి పట్టుకుని గాల్లో వేలాడదీయకండి. ఎవరి కుక్క కరిచినా, మీదైనా వీధిదైనా, గాయాన్ని ధారగా నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టీకా వేసిన కుక్కే కదా అని ఆగకూడదు.

పట్టీ లేని కుక్క ఎదురొస్తే పనికొచ్చేది కర్ర కాదు, బటన్ నొక్కితే విచ్చుకునే గొడుగు. ఎదుటి కుక్క ముందు ఒక్కసారిగా గోడ లేచినట్టు అవుతుంది, మీ కుక్కకు అది కనబడదు, మీరు వెనక్కి నడుచుకుంటూ వచ్చేయొచ్చు. కర్ర ఎత్తితే వీధికుక్కలు ఎదురు తిరుగుతాయి, మీ కుక్కా బెదురుతుంది. గొడుగు చప్పుడుకు మీదే ముందు బెదరకుండా ఇంట్లో మొదట సగం తెరిచి, తర్వాత దూరం గదిలో, తర్వాత దగ్గర, ప్రతిసారీ ముక్కతో అలవాటు చేయండి. వీధికుక్కలకు బిస్కెట్లు విసరడం ఆ పూటకు పనిచేస్తుంది. మర్నాటి నుంచి అవి మీకోసం ఎదురుచూస్తాయి.

చోక్ చైన్, ముళ్ల బెల్టు, కరెంటు షాక్ బెల్టు, మొరిగితే స్ప్రే కొట్టే బెల్టు, వీటికి సున్నా. ఎదుటి కుక్కను చూసినప్పుడు నొప్పి పుడితే భయం రెట్టింపవుతుంది. వేల్స్‌లో షాక్ బెల్టును 2010లోనే నిషేధించారు. ఇవి ‘పనిచేసినట్టు’ కనిపించడమే అసలు ప్రమాదం. కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం లోపలే ఉంటుంది, చివరికి హెచ్చరిక లేకుండా కరుస్తుంది. గుర్రుమనడాన్ని ఎప్పుడూ శిక్షించకండి. మనకు ముందుగా చెప్పేది అదొక్కటే.

వీటన్నిటికీ ముందు ఒకసారి పశువైద్యుడి దగ్గరకు వెళ్లి రండి. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప జారడం, పళ్ల చీము, చెవి పోటు మామూలు. నొప్పి ఉన్న కుక్క ఎవర్నీ దగ్గరకు రానివ్వదు, చికెన్ దాన్ని నయం చేయదు. ఏ దూరంలోనూ తినలేని, రోజంతా వణికే కుక్కకు ఫ్లుయాక్సెటీన్ లాంటి మందు డాక్టరు రాయొచ్చు. దాని ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు వారాలకే మానేసి పనిచేయలేదనుకోవద్దు, ఇంట్లో మనుషుల మందు బిళ్లలు విరిచి పెట్టొద్దు. శాంతపరిచే స్ప్రేలు, బిళ్లలు కొన్నిటికి కాస్త ఉపకరించవచ్చు. ఆ డబ్బు ముందు హార్నెస్‌కూ షేడ్ నెట్‌కూ పెట్టండి.

ట్రైనర్‌ను పెట్టుకుంటే మూడు ప్రశ్నలు అడగండి. మా కుక్క మొరిగితే మీరేం చేస్తారు? ‘దూరం పెంచుతాను’ అనేది మనకు కావాల్సిన జవాబు, ‘సరిచేస్తాను’ అంటే గొలుసు గుంజుతారని అర్థం. మొదటిరోజు ఎంత దూరంలో మొదలుపెడతారు? కుక్కను చూడకుండానే లెక్క చెప్పేస్తే అనుమానించండి. ప్రతి క్లాసులో నేను ఉండొచ్చా? ఉండొద్దంటే అక్కడితో ఆపేయండి. నెల రోజులు కెనెల్‌లో ఉంచుకుని నేర్పి పంపే ప్యాకేజీ ఈ కుక్కకు అన్నిటికంటే చెడ్డ ఎంపిక. పది అపరిచిత కుక్కల మొరుగుళ్ల మధ్య రాత్రీ పగలూ, తప్పించుకునే చోటు లేకుండా ఉంటుంది. నెలాఖరుకు నిశ్శబ్దంగా తిరిగొస్తుంది. తోక ఎక్కడ ఉందో, చేతిలో ముక్క తింటోందో లేదో చూస్తే ఆ నిశ్శబ్దం ఏమిటో తెలుస్తుంది.